కారులలో కడలి దరికి

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలు మెట్టభూములు. రాతిగుట్టలు, ఎఱ్ఱ చెలకలు, చెరువులు, తాటిచెట్లు వీనికి సహజమైన శోభ. సముద్రము మాత్రము లేదు. అయినను సముద్రముతో ఈ సీమకు ఒక చుట్టరికమున్నది. కృష్ణానది తెలంగాణమున అడుగిడునది పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనే, నేటి నారాయణపేట జిల్లాలోని తంగిడి వద్ద. అచటినుండి జూరాలను, శ్రీశైలమును, నాగార్జునసాగరమును దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద మూసీని కలుపుకొని, తుదకు దివిసీమలోని హంసలదీవి చెంత సముద్రమున కలియును. మన యేరు పోయిన దిక్కునకు మనమును పోయి చూడవలెనను కోరిక ఈ ప్రాంతము వారికి కలుగుటలో వింత యేమున్నది?

కార్లయందు అభిరుచి గలవారు ఇప్పుడు ప్రతి పట్టణమునను కలరు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరును పదిలముగా కాపాడుకొనువారు కొందరు. క్రొత్త బండి కొని దాని చక్రమును వదలలేనివారు మఱికొందరు. ఇట్టివారు పదిమంది కూడినచోట మాట యంత్రముల నుండి రోడ్ల మీదికి, రోడ్ల నుండి దూరప్రయాణము మీదికి తప్పక మరలును. “అందఱమును కలసి సముద్రము దాక పోయివత్తము” అని ఒకరందురు. తక్కినవారు ఊఁ కొట్టుదురు. ఆ మాట అనుకొన్న దినమునకును బండ్లు కదలు దినమునకును నడుమ చేయవలసిన పని యేమో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇది: జట్టుగా పోవు కార్లను కలిపి యుంచవలసినవి ముందుగా నిశ్చయించుకొన్న చోటు, కాలము. ఒకదాని వెనుక ఒకటి అంటుకొని పరుగెత్తుట వలన జట్టు నిలువదు. ఆ కాలమును లెక్కించునపుడు అందఱికంటె అలసినవానిని, అన్నిటికంటె నెమ్మదియైన బండిని కొలబద్దగా తీసికొనవలెను. ఇది మర్యాద కొఱకు చెప్పు మాట కాదు. 2022వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వపు లెక్కలు తెలుపుచున్నవి. ఆ మరణములలో నూటికి డెబ్బదికి పైగా అతివేగమునకు సంబంధించినవి. విహారమునకు పోవువారు ఈ లెక్కకు వెలుపలివారు కారు. పైగా జట్టులో ఉన్నవానికి ఒంటరివానికి లేని తొందర ఒకటి పుట్టును. ముందు బండి కంటికి దూరమగునేమో యను బెదురు వలన, తానొక్కడే అయినచో ఎన్నడును తొక్కని వేగమును అతడు తొక్కును.

ఏ తీరము?

తెలుగునాట సముద్రపు ఒడ్డున కారు నడుపుటకు పేరుపడినది విశాఖపట్టణము నుండి భీమునిపట్టణమునకు పోవు రోడ్డు. ఒక ప్రక్క కైలాసగిరి, ఋషికొండ, బౌద్ధారామముల శిథిలములు గల తొట్లకొండ. రెండవ ప్రక్క సముద్రము. భీమిలి సమీపించునప్పుడు ఎఱ్ఱమట్టి దిబ్బలు. ఆస్ట్రేలియాలో మొదటి ప్రపంచయుద్ధము నుండి మరలివచ్చిన సైనికులు 1919 మొదలు 1932 వఱకు నిర్మించిన గ్రేట్ ఓషన్ రోడ్డు వంటివానిని బొమ్మలలో చూచి మురిసినవారికి, ఆ రుచిని కొంతైనను చూపగలది ఈ రోడ్డు. కాని నల్లగొండ నుండి విశాఖకు ఐదువందల కిలోమీటర్లకు మించిన దూరము. మహబూబ్‌నగర్ వారికి ఇంకను ఎక్కువ. పోవుటకు ఒకటిన్నర దినము, వచ్చుటకు అంతే కాలము పట్టును. నాలుగైదు దినముల సెలవు లేనివారు దానిని తలపెట్టరాదు.

రెండవది 216వ నంబరు జాతీయ రహదారి. ఇది కత్తిపూడి వద్ద మొదలై కాకినాడ, అమలాపురము, నరసాపురము, మచిలీపట్టణము, రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా ఒంగోలు చేరును. పొడవు సుమారు 390 కిలోమీటర్లు. దీనికి తీరపు రహదారి అని పేరుండుట వలన, పొడుగునను అలలు కనబడునని అనుకొనువారు కలరు. అది సరి కాదు. చాల భాగము ఈ రోడ్డు ఒడ్డునకు కొన్ని కిలోమీటర్లు లోపలగా పోవును. కిటికీలో కనబడునవి డెల్టా వరిచేలు, కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, తాడిచెట్లు, సరుగుడు తోపులు. అవియును చూడదగినవే, కాని సముద్రము కావలెనన్నచో ప్రక్క రోడ్డు పట్టి ఒడ్డునకు పోవలెను. చీరాల నుండి ఓడరేవునకును, బాపట్ల నుండి సూర్యలంకకును అట్టి ప్రక్క రోడ్లున్నవి. ఓడరేవు చీరాలకు ఆరేడు కిలోమీటర్లు. సూర్యలంక బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లు.

మొదటిసారి జట్టుకట్టి బయలుదేరు మెట్టసీమ వారికి ఈ చీరాల–బాపట్ల తీరము అనుకూలమని మా అభిప్రాయము. శని ఆదివారములలో పోయి రావచ్చును. త్రోవయు సుఖమైనదే. తూర్పు తీరము గనుక, అచట ఒక రాత్రి నిలిచినవారికి నీటినుండి పైకి వచ్చు సూర్యుని చూచు భాగ్యము దొరకును. దూరము తగ్గుట వలన మిగిలిన కాలమును సముద్రము చెంతనే గడుపవచ్చును గదా!

రెండు సీమలు, ఒకే గడియారము

రెండు జిల్లాల వారును కలియుటకు తగిన చోటు మిర్యాలగూడ. మహబూబ్‌నగర్ వారు 167వ నంబరు జాతీయ రహదారి మీద జడ్చర్ల, కల్వకుర్తి, కొండమల్లేపల్లి, హాలియాల మీదుగా అచటికి వత్తురు. నల్లగొండ వారు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద వత్తురు. మిర్యాలగూడ దాటిన పిదప త్రోవ ఒక్కటియే. వాడపల్లి వద్ద కృష్ణ దాటి దాచేపల్లి, పిడుగురాళ్ళ. పిమ్మట నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, చీరాల. మిర్యాలగూడ నుండి చీరాలకు సుమారు 170 కిలోమీటర్లు.

ఇచటనే ఏర్పాటు చేయువారు మెలకువగా ఉండవలెను. నల్లగొండలో కూర్చుండి “శనివారము ఉదయము ఆరు గంటలకు అందఱును మిర్యాలగూడలో కలియవలెను” అని ఒక పంక్తి వ్రాయుట సులువు. నల్లగొండ వారికి మిర్యాలగూడ నలుబది కిలోమీటర్ల పైచిలుకు. అయిదు గంటలకు ముందు లేచి ముఖము కడుగుకొని వచ్చినను చాలును. మహబూబ్‌నగర్ వారికి అది 180 కిలోమీటర్లకు పైబడిన దూరము. ఆరు గంటలకు చేరవలెనన్నచో వారు రాత్రి రెండు గంటలకే బయలుదేరవలెను. అనగా నిద్ర లేదు. మిర్యాలగూడలో రెండు జట్లును నవ్వుచు కరచాలనము చేసికొనునప్పటికి ఒకరు అప్పుడే నిద్ర లేచినవారు, రెండవవారు రాత్రి యంతయు మేల్కొని నాలుగు గంటలు చక్రము పట్టినవారు. అటుపై ఇరువురును ఒకే వేగమున 170 కిలోమీటర్లు పోవలెనట! ఆ పంక్తిలో దాగియున్న అపాయము వ్రాసినవారికి కనబడదు. ఉదయము తొమ్మిది గంటల ఎండలో, పల్నాటి రోడ్డు మీద, మహబూబ్‌నగర్ బండి చోదకుని కనురెప్పల మీద కనబడును.

దీనికి రెండు పరిష్కారములు కలవు. మొదటిది, మహబూబ్‌నగర్ వారు శుక్రవారము మధ్యాహ్నమే బయలుదేరి ప్రొద్దు గూకులోపల మిర్యాలగూడ చేరి, రాత్రి అచట నిద్రించుట. వారి త్రోవ తూర్పుముఖముగా పోవును. సాయంకాలపు ఎండ వీపున పడునే కాని కన్నులలో పడదు. రెండవది, శనివారము ఉదయము ఆరు గంటలకు మహబూబ్‌నగర్ వారు తమ ఊరు విడిచి పదకొండు గంటలకు మిర్యాలగూడ చేరుట. నల్లగొండ వారు ఆ వేళకే వచ్చుట. అందఱును భోజనము చేసి పండ్రెండు గంటలకు కదలినచో అయిదు గంటల లోపల చీరాల చేరుదురు. ఉదయము వచ్చువారికి లేత ఎండ సూటిగా ముఖమున కొట్టును గనుక అద్దమును శుభ్రముగా తుడిచికొని, నీడపలకను దించుకొనవలెను. ఈ రెంటిలో ఏది ఎన్నుకొన్నను మంచిదే. ఎన్నుకొనువారు మాత్రము దూరము నుండి వచ్చువారే కావలెను.

లెక్క వేయు విధము

ప్రయాణకాలమును వేగమాపకము చూచి లెక్కింపరాదు. గంటకు 80 కిలోమీటర్ల చొప్పున పోయినచో 170 కిలోమీటర్లకు రెండు గంటల పైన కొద్ది నిమిషములే కావలెను. కాని ఊళ్ళు, మలుపులు, టోలుగేట్లు, ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, గొఱ్ఱెలమందలు అన్నియు కలసి సగటును గంటకు 50 కిలోమీటర్లకు దింపును. అప్పుడు పట్టునది మూడు గంటల ఇరువదినాలుగు నిమిషములు. మధ్యలో రెండు మజిలీలు. ఒక బండి ఆగినచో పది నిమిషములలో మరల కదలును. ఎనిమిది బండ్లు ఆగినచో ఒకరు టీ త్రాగుచుండగా మఱొకరు పిల్లవానిని వెదకుచుందురు. అరగంటకు తక్కువ పట్టదు. కనుక నాలుగున్నర గంటలని వ్రాసికొనుట న్యాయము. త్వరగా చేరినచో సంతోషమే. ఆలస్యమైనదని ఎవరును తొందరపడవలసిన పని యుండదు.

తిరుగు ప్రయాణమునకును ఇదే లెక్క. ఆదివారము సూర్యోదయము చూచి, ఎనిమిది గంటలకు చీరాల విడిచినచో మహబూబ్‌నగర్ వారికి దాదాపు 350 కిలోమీటర్లు. నడుపుటకు ఏడు గంటలు, నిలుచుటకు ఒకటిన్నర గంట. నాలుగున్నరకు ఇల్లు చేరుదురు. చలికాలమున ఆరు గంటలకే చీకటి పడును గనుక, ఇంతకంటె ఆలస్యముగా బయలుదేరినవారు దీపములు లేని బండ్లు, రోడ్డున ఆరబోసిన ధాన్యము, ఎదురు దీపముల మిఱుమిట్ల నడుమ ఇల్లు చేరవలసి వచ్చును. కడలి గాలికి మైమఱచి “ఇంకొక గంట” అనువారు జట్టులో తప్పక ఉందురు. ఆ గంట ఎవరి రాత్రిలో నుండి తీయబడుచున్నదో వారికి ముందే చెప్పియుంచవలెను.

వరుసలో ఎన్ని బండ్లు?

గంటకు 80 కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు ఇరువదిరెండు మీటర్లు పోవును. ముందు బండికిని మనకును మూడు సెకనుల ఎడము ఉండవలెనన్నది చోదకులకు నేర్పు మంచి సూత్రము. అనగా అరువదియాఱు మీటర్లు. పది కార్లు ఈ ఎడము పాటించుచు పోయినచో ఆ వరుస పొడవు ఆరువందల మీటర్లకు మించును. ఎదురెదురుగా బండ్లు పోవు రెండు వరుసల రోడ్డు మీద వెనుక నుండి వచ్చు బస్సు దీనినెట్లు దాటును? దాటబోయి నడుమ చిక్కును. లేదా మన వారే ఎడము తగ్గించి ఒకరి నొకరు అంటుకొందురు. అప్పుడు ముందు బండికి గేదె అడ్డము వచ్చినచో వెనుకవానికి ఆగు వ్యవధి యుండదు. రెండును ప్రమాదములే.

కనుక పది కార్లున్నచో మూడు చిన్న జట్లు చేయవలెను. ఒక్కొక్క జట్టునకు మూడు, నాలుగు బండ్లు చాలును. జట్టునకు జట్టునకు పదేసి నిమిషముల తేడాతో బయలుదేరవలెను. ప్రతి జట్టునను ముందు బండిని నిదానస్థుడైన చోదకుడు నడుపవలెను. రెండవ స్థానము అన్నిటికంటె నెమ్మదియైన బండికి, సాధారణముగా పాత కారునకు, ఈయవలెను. అది ముందువాని అద్దములో ఎల్లప్పుడును కనబడుచుండును గనుక వేగము దానికి తగినట్లే యుండును. చివరి బండిలో పనిముట్లు, లాగుత్రాడు, మందులపెట్టె, యంత్రమును గూర్చి కొంత తెలిసినవాడు ఉండవలెను. ఆగిపోయిన బండి చెంత ఆగవలసినది ఈ చివరివాడే. తక్కినవారు రోడ్డు ప్రక్కన గుమిగూడక ముందు మజిలీకి పోయి వేచియుందురు.

మజిలీలను పేర్లతో, వేళలతో కాగితము మీద వ్రాసి ప్రతి బండికి ఒక ప్రతి ఈయవలెను. ఫోనులో ఉన్నది గదా అనవచ్చును. సంకేతము అందని చోట్ల, ఛార్జి అయిపోయిన వేళల కాగితమే అక్కఱకు వచ్చును. ఉదాహరణమునకు: మొదటి మజిలీ వాడపల్లి, రెండవది నరసరావుపేట దాటిన పిదప, మూడవది చీరాల. ఎవరైనను త్రోవ తప్పినచో వెనుదిరుగుట గాని తఱుముట గాని చేయక నేరుగా వచ్చు మజిలీకి పోవలెను. ఈ ఒక్క నియమము అందఱికిని తెలిసియున్నచో, ముందు బండి కనబడకపోయినను ఎవరికిని గుండె దడ పుట్టదు. ఫోనులో మాటలాడుట, సందేశములు పంపుట ప్రక్కన కూర్చున్నవారి పని. చక్రము పట్టినవారిది కాదు. ఒకరి నొకరు దాటుట, దాటించుకొనుట ప్రయాణము ముగియువఱకు నిషిద్ధము. బండి సత్తా చూపదలచినవారికి దానికై ఏర్పఱచిన పందెపు మైదానములు వేఱుగ కలవు.

త్రోవలో చూడదగినవి

మజిలీలు నీటికిని టీకిని మాత్రమే కానక్కఱలేదు. హాలియా నుండి మిర్యాలగూడ వఱకు కన్నులకు ఇంపగు పచ్చదనము నాగార్జునసాగరపు ఎడమకాలువ చలవ. ఆ ప్రాజెక్టునకు 1955 డిసెంబరు 10న జవహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిరి. కాలువ రాకముందు మెట్టపంటల సీమ. నేడు మిర్యాలగూడ చుట్టును బియ్యపు మిల్లులు. వాడపల్లిలో కృష్ణా మూసీల సంగమమున మీనాక్షీ అగస్త్యేశ్వరుల ఆలయమున్నది. నది దాటి పల్నాడులో అడుగిడగానే నేల రంగు మాఱును. పిడుగురాళ్ళ పరిసరములు సున్నపురాతికి, సున్నపు బట్టీలకు ప్రసిద్ధము. నరసరావుపేట చెంత కోటప్పకొండ త్రికోటేశ్వరుని క్షేత్రము. మహాశివరాత్రికి అచటికి ఆకాశమంటు ప్రభలు కట్టుకొని చుట్టుప్రక్కల గ్రామముల వారు తరలివత్తురు. ఆ దృశ్యము చూచుటకే పోవువారి మాట వేఱు. సముద్రమునకు పోవు కార్ల జట్టు మాత్రము ఆ దినములలో ఆ త్రోవ పట్టరాదు. చీరాల చేనేతకు పేరెన్నిక గన్నది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున పురపాలక పన్నులకు నిరసనగా జనులు ఊరే విడిచి వెలుపల రామనగరమును కట్టుకొని నెలల తరబడి నివసించిన పట్టణమది. అచటికి పోయినవారు పిల్లలకు ఆ కథ చెప్పినచో ప్రయాణమునకు మఱింత అర్థము కలుగును.

బండిని సిద్ధపఱచుట

ప్రయాణమునకు వారము ముందే బండిని చూపించి, రెండుమూడు దినములు ఊరిలో నడిపి చూడవలెను. బయలుదేరు నాటి ఉదయము మరమ్మతు చేయించినచో ఆ మరమ్మతు మంచిచెడ్డలు రోడ్డు మీదనే తెలియును. టైర్లలో గాలిని చల్లగా ఉన్నప్పుడే కొలువవలెను. పరుగెత్తి వేడెక్కిన టైరు గాలిని ఎక్కువగా చూపును. అయిదుగురును సామానును ఎక్కినపుడు ఎంత గాలి ఉండవలెనో తలుపు చట్రము మీది చీటీలో సాధారణముగా వ్రాసియుండును. టైరు ప్రక్కగోడ మీద నాలుగంకెల గుర్తు ఒకటి యుండును. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. పైకి గాట్లు బాగుగ కనబడినను, ఏండ్ల తరబడి ఎండలో నిలిచిన టైరు రబ్బరు పెళుసెక్కి మే నెల రోడ్డు మీద పగులవచ్చును. అటక మీది వస్తువువలె మఱచిన స్పేర్ టైరును కూడ చూడవలెను.

పాత కార్ల వారు నీటి డబ్బా వెంట నుంచుకొనవలెను. ఇంజను కాగినప్పుడు రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. మఱుగు నీరు ముఖమునకు చిమ్మును. నీడన ఆపి, చల్లారిన తరువాతనే తీయవలెను. విద్యుత్తు కార్ల వారు కంపెనీ చెప్పిన దూరములో మూడింట రెండు వంతులు మాత్రమే లెక్కకు తీసికొని, ఛార్జి చేసికొను చోట్లను ముందుగా విచారించి, ఒకటి పని చేయకున్నచో రెండవది ఏదో నిశ్చయించుకొనవలెను. వెనుక సీటు వారును బెల్టు కట్టుకొనవలెను. ముసలివారికి ముందు సీటు, పిల్లలకు వెనుక సీటు. ఇంటి నుండి కట్టిన సద్దిమూట, రొట్టెలు, త్రాగునీరు ప్రతి బండిలోను వేఱువేఱుగ ఉండవలెను; అన్నియు ఒకే బండిలో పెట్టినచో ఆ బండి ఆగిననాడు అందఱును పస్తే.

ఋతువు, గాలి

తీరమునకు పోవుటకు జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. ఏప్రిల్, మే నెలల ఎండకు మనుష్యులును యంత్రములును అలసిపోవును. అక్టోబరు నుండి డిసెంబరు వఱకు తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను తెలుగువారు మఱవలేరు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. కావున బయలుదేరుటకు అయిదు దినముల ముందు నుండి రేడియోలో వాతావరణ సూచనలను శ్రద్ధగా వినవలెను. అల్పపీడనమను మాట వినబడినచో ప్రయాణమును వాయిదా వేయుటకు సంకోచింపరాదు. గది బాడుగకు ముందిచ్చిన సొమ్ము పోవునని పోయి చూచువారు ఆ సొమ్ము విలువను ఎక్కువగా కట్టుచున్నారు. జనవరి ఉదయములలో చేల మీద, కాలువల మీద దట్టమైన మంచు కమ్మును. దారి స్పష్టముగ కనబడువఱకు ఆగుటయే విధి. కార్తికపౌర్ణమి నాడు సూర్యలంకకు స్నానార్థులు వేలాదిగ వత్తురు గనుక ప్రకృతిశోభ కొఱకు పోవువారు ఆ దినమును విడువవలెను.

ఒడ్డు చేరిన తరువాత

మెట్టసీమ వారు చెరువులలోను, దిగుడుబావులలోను ఈదుట నేర్చినవారు. ఆ ఈత సముద్రమున చాలదు. అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు మరల లోపలికి పోవుటకు ఇఱుకైన దారి ఒకటి చేసికొనును. అచట అలలు విఱుగక నీరు చదునుగా, ప్రశాంతముగా కనబడును. తెలియనివారు అదియే క్షేమమైన చోటని అందు దిగుదురు. అది వారిని లోపలికి లాగికొనిపోవును. దానికి ఎదురీదినచో బలము క్షీణించును. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది ఆ ధారను తప్పించుకొని, పిమ్మట ఒడ్డు పట్టవలెను. దీనిని పిల్లలకు కారులోనే చెప్పియుంచుట మంచిది. మోకాటి లోతు దాటి పోరాదని నియమము పెట్టి, ఒడ్డున ఒక పెద్దను కావలి యుంచి, కాపరులు వద్దన్న చోట దిగకుండుట అన్నిటికంటె సులువైన రక్ష. త్రాగినవాడు నీటిలోనికిని పోరాదు, చక్రము చెంతకును రారాదు.

కార్లను ఇసుక మీదికి తీసికొనిపోవు సరదాను మానుకొనవలెను. పైకి గట్టిగా కనబడు తడి ఇసుక చక్రము తిరిగిన కొలది క్రిందికి జారును. ఇరుసు దాక దిగిన బండిని పోటు వచ్చు లోపల తీయుట కష్టము. అంతేకాక జనవరి నుండి కొన్ని నెలలు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ తీరపు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. చక్రములు ఆ గ్రుడ్లను చిదుమును; రాత్రి వెలుగులు పిల్లలకు నీటి దారిని తప్పించును. సూర్యలంకలో వైమానికదళ స్థావరమున్నది. ఫోటోలు వలదన్న చోట తీయరాదు. ఇల్లు చేరిన మఱునాడు బండి అడుగుభాగమును మంచినీటితో కడిగింపవలెను. ఉప్పుగాలి ఇనుమును తిను విధము మెట్టసీమ వారికి అలవాటు లేనిది.

మూడవ దినము కూడ చేత నున్నవారు బాపట్ల నుండి 216వ రహదారి మీద రేపల్లె పోయి, పెనుమూడి–పులిగడ్డ వంతెన మీద కృష్ణను దాటి అవనిగడ్డ చేరి, అచటి నుండి హంసలదీవికి పోవచ్చును. తంగిడి వద్ద మన సీమలో అడుగిడిన నది కడలిలో కలియు చోటు అదియే.

చివరి బండి చేరువఱకు

ఆపద వచ్చినచో 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను; జాతీయ రహదారుల మీద 1033 కూడ ఉన్నది. ఈ సంఖ్యలను ఆ కాగితము అడుగునను, ప్రతి ప్రయాణికుని పేరు, రక్తపు గుంపు, ఇంటివారి ఫోను నంబరు వెనుక ప్రక్కను వ్రాయవలెను. రోడ్డు మీద గాయపడిన పరాయివారికి సాయపడుటకు జంకవలదు. 2019 సవరణతో మోటారు వాహనముల చట్టము సదుద్దేశముతో సాయపడినవారికి రక్షణ కల్పించినది.

ఖర్చులను ముందే పంచుకొని, ఒకరి వద్ద లెక్క యుంచవలెను. పెట్రోలు ఎవరి బండికి వారు పోయించుకొనుట, భోజనము బసలు తలసరి పంచుకొనుట సులువైన పద్ధతి. బయలుదేరుటకు ముందు అందఱును ఒక గంట కూర్చుండి ఈ కాగితమును బిగ్గఱగా చదివికొనవలెను. ఆ కూటమిలో బండి నడుపువారే కాక, వెంట వచ్చు ఇల్లాండ్రును పెద్దలును ఉండవలెను. “ఈ వేళ మాకు అనుకూలము కాదు”, “మా ఆయనకు రాత్రివేళ చూపు ఆనదు” అని చెప్పగలవారు వారే. అట్టి మాట వచ్చినప్పుడు నవ్వక, వేళను మార్చుకొనవలెను.

తిరిగి వచ్చునప్పుడు నల్లగొండ వారు ముందుగా ఇల్లు చేరుదురు. అంతటితో ప్రయాణము ముగిసినదని తలపరాదు. మహబూబ్‌నగర్ వారికి మిర్యాలగూడ నుండి ఇంకను నాలుగు గంటల త్రోవ, అదియును పడమటి ఎండకు ఎదురుగ, మిగిలియుండును. కల్వకుర్తి వద్ద వారు తప్పక ఆగి టీ త్రాగవలెనని ఆ కాగితములోనే వ్రాసియుంచవలెను. అచటి నుండి ఒక మాట, ఇల్లు చేరిన పిమ్మట ఒక మాట నల్లగొండకు అందవలెను. ఆ రెండవ మాట అందువఱకు ఏర్పాటు చేసిన పెద్దమనిషి తన ఫోనును ప్రక్కన పెట్టి పరుండరాదు.